త్లాకొలూలా సంతలో పూల్కే, మెస్కాల్: ఏది అక్కడ తాగాలి, ఏది అక్కడ కొనకూడదు

ప్రశ్న: "డాలస్ నుంచి నలుగురం నవంబరులో మెక్సికోలోని వహాకా వెళ్తున్నాం. ఆదివారం గైడుతో త్లాకొలూలా సంత చూపించి, అక్కడే పూల్కే, మెస్కాల్ రుచి చూపిస్తారట. మాలో ఇద్దరు శాకాహారులు. టెకీలా షాట్ తప్ప మాకు ఇంకేం తెలియదు. ఎలా రుచి చూడాలి, ఎంత తాగితే ఫర్వాలేదు, కల్తీ ఎలా పట్టుకోవాలి, ఎన్ని సీసాలు తెచ్చుకోవచ్చు?"

జవాబు:

పూల్కేకి సంతే సరైన చోటు, మెస్కాల్‌కి కాదు. మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. పూల్కే కల్లు లాంటిది. దించిన రోజే, దించిన చోటికి దగ్గరలోనే తాగాలి, సంతలో దాన్ని అమ్మేది కూడా చాలావరకు ఆ ఊళ్ల వాళ్లే. మెస్కాల్ బట్టీ సరుకు. ఏళ్ల తరబడి చెడదు, అందుకే నాలుగు చేతులు మారి సంతకొస్తుంది. అమ్మేవాళ్లకి అది ఎవరు దించారో చాలాసార్లు తెలియదు. సంతలో రుచి చూడండి, తప్పులేదు. డబ్బు పెట్టి కొనేది మాత్రం అదే రోడ్డులో ఇంకాస్త ముందున్న సాంతియాగో మతత్లాన్‌లో, బట్టీ దగ్గర కొనండి. లేదా వహాకా నగరంలో లేబుల్ చదివి అమ్మే మంచి మెస్కాల్ దుకాణంలో కొనండి. గైడు ప్యాకేజీలో మతత్లాన్ లేకపోతే చేర్చమని అడగండి. త్లాకొలూలా వహాకా నగరానికి తూర్పున 30 కిలోమీటర్లు, అక్కడి నుంచి మతత్లాన్ అరగంట లోపే.

మొక్క మనకి కొత్తది కాదు. చేల గట్ల మీద, రైలు కట్టల పక్కన పెరిగే కిత్తనార జాతిదే. మెక్సికోలో మగేయ్ అంటారు, శాస్త్రీయ నామం అగావే. ఈ జాతి మొక్కల్లో కొన్నిటి ఊటని పచ్చిగా పులియబెడితే పూల్కే. వేరే కొన్నిటి దుంపని గోతిలో కాల్చి, దంచి, పులియబెట్టి, బట్టీ పెడితే మెస్కాల్. టెకీలా ఆ రెండో కుటుంబంలో ఒకటి మాత్రమే. నీలి అగావే అనే ఒకే రకం నుంచి, హలీస్కో రాష్ట్రంలోనూ మరో 4 రాష్ట్రాల్లో గుర్తించిన ప్రాంతాల్లోనూ తయారైతేనే ఆ పేరు పెట్టుకోవచ్చు. టెకీలాకి ఈ భౌగోళిక రక్షణ 1974లో వచ్చింది, మెస్కాల్‌కి 1994లో. ఇంకో తేడా ఉంది. టెకీలాలో 49 శాతం దాకా వేరే చక్కెర కలిపినా చట్టం ఒప్పుకుంటుంది, సీసా మీద "100% అగావే" అని లేకపోతే అదే అర్థం. మెస్కాల్‌లో ఆ వెసులుబాటు లేదు, పూర్తిగా అగావేదే ఉండాలి. చిత్తూరు జిల్లాలో కూడా దక్కన్ కిత్తనార నుంచి అగావే మద్యం తీస్తున్నారు. దాన్ని టెకీలా అనీ మెస్కాల్ అనీ పిలవకపోవడానికి కారణం ఈ చట్టమే.

ఇక పూల్కే. తాటికల్లు, ఈతకల్లు తెలిసినవాళ్లకి సగం తెలిసినట్టే. గెల వేసే చెట్టుకి గెల కోసి ఊట పట్టినట్టే, ఇక్కడ కూడా పూత కొమ్మ పైకి లేవబోయే ముందు దాని మొగ్గని తీసేస్తారు. మొక్క అప్పటికి 8 నుంచి 12 ఏళ్లది. దాని బతుకంతా కూడబెట్టిన తీపి ఆ కొమ్మకోసమే, కొమ్మ లేకపోయేసరికి ఊట నడిమధ్యన గుంటలోకి చేరుతుంది. మొగ్గ తీసిన తర్వాత కొన్ని నెలలు ఆగి, గుంట తెరిచి, లోపలి గోడని పదునైన గరిటె లాంటి ఇనుప పనిముట్టుతో గీకుతారు. రోజుకి రెండుసార్లు ఊట తీయడం, తీసిన ప్రతిసారీ మళ్లీ గీకడం. గీకడం మానితే గోడ ఆరి గట్టిపడి ఊట ఆగిపోతుంది. మన గీత కార్మికుడు పొద్దునా సాయంత్రం మొవ్వు చెక్కేది కూడా ఇందుకే. ఊట తీసేది పొడవాటి సొరకాయ బుర్రతో. రెండు కొసలా బెజ్జం ఉంటుంది, ఒక కొస ఊటలో ముంచి రెండో కొస నుంచి నోటితో పీల్చి, బుర్ర నిండాక వేలు అడ్డుపెట్టి కుండలోకి వదులుతారు. ఈ పని చేసే మనిషిని త్లాచికేరో అంటారు. ఒక మొక్క కొన్ని నెలలు ఇలా ఇచ్చి చచ్చిపోతుంది. చెట్టు బతికే ఉండి ఏళ్ల తరబడి ఇచ్చే తాటికీ, దీనికీ అసలు తేడా అక్కడ.

గుంటలోంచి అప్పుడే తీసిన ఊటని అగువామియెల్ అంటారు, అంటే తేనె నీరు. మత్తు ఉండదు. పాత పూల్కే కాస్త తోడుగా వేస్తే గంటల్లో పొంగడం మొదలవుతుంది. ఇందులో ఈస్ట్‌తో పాటు జైమోమోనాస్ అనే బాక్టీరియా పనిచేస్తుంది. మన కల్లులోనూ అదే జాతి దొరుకుతుంది. వాసనలో పోలిక కాకతాళీయం కాదన్నమాట. మద్యం శాతం 4 నుంచి 7 మధ్య, బీరంత.

కుండ మూత తీసినప్పుడు చూడాల్సినవి చెప్తాను. రంగు పలచటి గంజిలా ఉండాలి. గరిటెతో ఎత్తి పోస్తే కొద్దిగా తీగ సాగాలి. ఈ జిగురు చూసి చాలామంది పాడైందనుకుని వెనక్కి ఇచ్చేస్తారు. అది ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా చక్కెర నుంచి అల్లే పదార్థం, పూల్కే స్వభావమే అంత. కాని బెండకాయ జిగురులా గ్లాసుకీ పెదవికీ మధ్య వేలాడుతోందంటే సమయం దాటిపోయినట్టు. జిగురు అస్సలు లేకుండా, కాసేపు ఉంచితే పైన తేట నీరు, కింద తెల్లటి మడ్డి విడిపోతే నీళ్లు కలిపారు. పులుపు పెరుగు పులుపులా ఉంటే మంచిది. ముక్కు దగ్గర పెట్టగానే సిర్కా (వెనిగర్) ఘాటు కొడితే వదిలేయండి. గొంతు దిగాక కూడా నాలుక మీద తీపి అంటుకునే ఉంటే పంచదార పడింది. ఉదయం తాగినదీ మధ్యాహ్నం తాగినదీ ఒకే కుండలోదైనా ఒకే రుచి ఉండదు. ఎండ ఎక్కేకొద్దీ పులుపు పెరుగుతుంది. అందుకని సంతలో అడుగుపెట్టగానే పూల్కే దగ్గరికి వెళ్లండి, 11 గంటలు దాటనివ్వకండి.

మామిడి, జామ, ఓట్స్, కొత్తిమీర జాతికి చెందిన సెలెరీ లాంటివి కలిపిన రకాన్ని కురాదో అంటారు. మెక్సికో సిటీలోని పాత పూల్కే దుకాణాల్లో ఇవి బాగా నడుస్తాయి. రుచిగానే ఉంటాయి, కాని పండు రుచి వెనక పులిసిన సరుకు దాక్కోవడం కూడా తేలిక. మొదట తెల్లది, ఏమీ కలపనిది 100 మి.లీ. అడగండి, నచ్చితే తర్వాత కురాదో. దీనికి తోడు పండు గుజ్జులో ఐసో, నీళ్లో కలిపే అవకాశం ఉంది, కడుపు సున్నితంగా ఉన్నవాళ్లు మానేయడం మేలు. తెల్ల పూల్కే కూడా మొదటి రోజు 250 మి.లీ. దాటొద్దు. అగావే ఊటలో మనకి సులువుగా అరగని పీచు చక్కెరలు ఉంటాయి, ఎక్కువైతే కడుపు ఉబ్బి విరేచనమవుతుంది. దాన్ని కల్తీ అనుకుని కంగారు పడేవాళ్లూ ఉన్నారు. ఇది పాశ్చరైజ్ చేయని పదార్థం, గర్భిణులకి వద్దు. ప్లాస్టిక్ సీసాలో పట్టించుకుని మూత బిగించి బస్సులో పెట్టుకోవద్దు కూడా, లోపల పొంగు ఆగదు. గంట తర్వాత మూత తిప్పితే సగం పక్కవాళ్ల ఒళ్లో ఉంటుంది.

పూల్కేలో పేడ గుడ్డలో చుట్టి తోడేస్తారని ఎవరైనా చెప్తే నమ్మకండి. బీరు పట్టణాల్లో పాతుకుంటున్న కాలంలో పూల్కేని చులకన చేయడానికి బాగా పనికొచ్చిన పుకారు అది. అలాంటివి వేస్తే పులియడం చెడుతుంది తప్ప బాగుపడదు.

పేర్ల తికమక ఒకటుంది. సంతలో తెహాతె అని పెద్ద మట్టి బేసిన్లలో పైన నురగ తేలుతూ కనిపిస్తుంది. అది మొక్కజొన్న, చాక్లెట్ చేసే కకావో గింజలు, మమేయ్ పండు గింజ రుబ్బి నీళ్లలో కలిపేది, మత్తు లేదు, మాంసం లేదు. శాకాహారులకి హాయి. తెపాచె మామూలుగా అనాసపండు తొక్క, బెల్లంతో పులియబెట్టేది. రెండూ కిత్తనారవి కావు. మూడూ రుచి చూడొచ్చు, గైడు మూడింటినీ ఒకే గాటన కట్టేస్తే మాత్రం ఆ గైడుకి సరుకు తెలియదని అర్థం.

మెస్కాల్‌కి వద్దాం. రుచిలో తప్పు ఎక్కడ పుడుతుందో తెలియాలంటే తయారీ కొంచెం తెలియాలి. ఆకులన్నీ నరికేస్తే మిగిలే దుంప అనాసపండు ఆకారంలో ఉంటుంది, పేరు కూడా పీన్యా, అంటే అనాసే. నేలలో తవ్విన గోతిలో కట్టెలు పేర్చి, పైన రాళ్లు పరిచి కాలుస్తారు. రాళ్లు బాగా కాలి, కట్టె పూర్తిగా నిప్పు అయ్యాక దుంపలు పేర్చి, పిప్పి, చాపలు, మట్టి కప్పి 3 నుంచి 5 రోజులు వదిలేస్తారు. అప్పుడే దుంపలోని పిండి లాంటి పదార్థం తీపిగా మారుతుంది. కట్టె ఇంకా పొగలు కక్కుతుండగానే తొందరపడి మూసేస్తే ఆ బట్టీ మొత్తం పొగ కంపే. కాబట్టి పొగ వాసన ఎంత ఎక్కువుంటే అంత అసలైన మెస్కాల్ అనే మాట తప్పు. మంచిదాంట్లో పొగ వెనకాల ఎక్కడో ఉంటుంది. ముందు వచ్చేది కాల్చిన చిలగడదుంప, పచ్చి గడ్డి, పండు, తడిసిన మట్టి, ఒక్కో మొక్కకి ఒక్కోటి.

కాలిన దుంపల్ని గుర్రం తిప్పే రాతి చక్రంతోనో, కొయ్య సుత్తులతోనో నలగ్గొట్టి, పిప్పితో సహా చెక్క తొట్టెల్లో నీళ్లు కలిపి వదిలేస్తారు. గాలిలోని ఈస్టే పని చేస్తుంది. వేసవిలో కొద్ది రోజులు, చలిలో రెండు వారాల దాకా. తర్వాత రాగి బట్టీలోనో మట్టి కుండలోనో రెండుసార్లు కాస్తారు. రెండోసారి మొదట వచ్చే ఘాటైన ధారని పుంతాస్ అంటారు, మధ్యలోది గుండె, చివర్లోది కోలాస్, అంటే తోక. ఈ మూడింటినీ ఎక్కడ విడదీయాలో, తిరిగి ఎంత కలిపి శాతం కుదర్చాలో చెప్పగలవాడే మెస్కలేరో. చట్టం 35 నుంచి 55 శాతం దాకా ఒప్పుకుంటుంది. ఊరివాళ్లు తాగేది 45 నుంచి 52 మధ్యలో. 38, 40 శాతం సీసాలు ఎక్కువగా ఎగుమతి కోసం, కాక్‌టెయిల్ కోసం.

మతత్లాన్‌లో ఒకటి తప్పకుండా చూపించమనండి. చేతి వెడల్పు గిన్నె, బుర్రకాయ చిప్పతో చేసింది, హీకరా అంటారు. అందులో మెస్కాల్ పోసి, సన్నటి వెదురు లాంటి గొట్టంతో నోటితో పీల్చి, జానెడు ఎత్తు నుంచి తిరిగి అదే చిప్పలోకి వదులుతాడు. ధార పడ్డచోట బుడగలు లేచి, అంచు వెంట ముత్యాల దండలా చేరతాయి. 50 శాతం చుట్టుపక్కల ఉంటే ఆ ముత్యాలు కాసేపు అలాగే నిలుస్తాయి. నీరసంగా ఉన్నా, మరీ ఘాటుగా ఉన్నా చప్పున చితికిపోతాయి. కొలత పరికరం లేకుండా శాతం చెప్పే పద్ధతి ఇది, నిజంగానే పనిచేస్తుంది. అయితే ఇది బలాన్ని చెప్తుంది తప్ప నాణ్యతని చెప్పదు. సబ్బు చుక్క కలిపినా నురగ నిలుస్తుంది, చెరకు మద్యం కలిపినా శాతం సరిపోతే నిలుస్తుంది. సంతలో సీసా ఊపి బుడగలు చూపించి "చూశారా, ఒరిజినల్" అంటే తల ఊపి ముందుకు నడవండి.

నాణ్యతకి దీనికన్నా మెరుగైన పరీక్ష మీ చేతిలోనే ఉంది. రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని రెండు చేతులూ రుద్ది, సుమారు అర నిమిషం ఆగి వాసన చూడండి. మద్యం ఆవిరైపోయాక మిగిలేది కాల్చిన దుంప వాసన. ఏ వాసనా మిగలకపోతే ఎక్కువ భాగం మరేదో మద్యం. పంచదార పాకం, వెనిల్లా మిగిలితే రుచులు కలిపినట్టు.

తప్పులు ముక్కుకీ నాలుకకీ ఇలా తెలుస్తాయి. గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన ముందుగా తగిలితే పుంతాస్ ఎక్కువ కలిసింది. తడిసిన అట్టపెట్టె, పాత జున్ను వాసన, నోట్లో నూనెలా పులుపు మిగిలితే తోక ఎక్కువైంది. సిర్కా పులుపుంటే తొట్టెలో ఎక్కువ రోజులుంది. మాడు వాసన పొగలా కాకుండా అడుగంటిన పాయసంలా ఉంటే, పిప్పి బట్టీ అడుక్కి అంటుకుని మాడింది. పచ్చి కాడ నమిలినట్టు చేదుంటే గోతిలో సరిగ్గా కాలలేదు. కొత్త బకెట్ వాసన వస్తే ప్లాస్టిక్ క్యాన్లలో నిలవ ఉంచారు. సంత సరుకులో అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది ఈ ఆఖరిదే. 50 శాతం మద్యం ప్లాస్టిక్‌ని కొద్దికొద్దిగా లాగేస్తుంది. అడగాల్సిన ప్రశ్న: "గాజులో ఉంచారా, ప్లాస్టిక్‌లోనా?"

తాగే తీరు. షాట్‌లా గటుక్కున మింగితే డబ్బు దండగ. వహాకాలో "చిన్న చిన్న ముద్దులు పెట్టు" అంటారు, అంతే. మొదటి చుక్క నాలుకని సిద్ధం చేయడానికే, ఒక మి.లీ. కూడా అక్కర్లేదు. నోరంతా తడిపి పది సెకన్లు ఉంచి మింగండి. ఆ మంటని లెక్కలోకి తీసుకోకండి, మీ నోరు ఇంకా అలవాటు పడలేదు. రెండో గుక్క నుంచే అసలు రుచి. వాసన చూసేటప్పుడు ముక్కు లోపలికి దూర్చొద్దు, నోరు కొద్దిగా తెరిచి గ్లాసు అంచు గడ్డం దగ్గర పెట్టుకోండి, ఘాటు ముక్కుని మొద్దుబార్చదు. గ్లాసు అడుగున శిలువ గుర్తు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. చర్చిలో కొవ్వొత్తి వెలిగించే గాజు గ్లాసులనే తిరిగి వాడే అలవాటు అది.

వరస ముఖ్యం. ముందు పూల్కే, తర్వాత ఎస్పదీన్. ఎస్పదీన్ సాగు చేసే మొక్క, 6 నుంచి 8 ఏళ్లలో కోతకొస్తుంది, మిగతావాటికి ఇదే కొలబద్ద. ఆ తర్వాత క్విషే లేదా మాద్రెక్విషే, కాండంలా పొడుగ్గా పెరిగే రకం, రుచి పొడిగా, గడ్డి వాసనతో ఉంటుంది. తర్వాత తొబలా, చిన్న దుంప, పూల వాసన. చివర్లో తెపెస్తాతె, కొండ రాళ్లలో పెరిగేది, ముదరడానికి 25 ఏళ్ల దాకా పట్టొచ్చు, వాసనలో పచ్చిమిరపకాయ తగులుతుంది. తెపెస్తాతెతో మొదలుపెడితే ఆ తర్వాత ఎస్పదీన్ నీళ్లలా అనిపిస్తుంది. చెక్క పీపాలో మాగబెట్టిన రెపొసాదో, అన్యేహో రకాలు ఇంకా చివరికి, లేదా అసలు వద్దు. పీపా రుచి మొక్క రుచిని కప్పేస్తుంది. విస్కీ ఇష్టమైతే ఇంటి దగ్గర విస్కీ తాగొచ్చు కదా.

సంతలో చాలా దుకాణాల వాళ్లు పిలిచి మరీ ఉచితంగా ఇచ్చేది క్రెమా అనే తియ్యటి, రంగు రంగుల ద్రవం. కాఫీ, కొబ్బరి, మామిడి రుచులు. మొదట అది తాగితే నాలుక మీద చక్కెర పేరుకుని తర్వాతవేవీ తెలియవు. వద్దనండి, ఏమీ అనుకోరు.

ఇంకో జాగ్రత్త. త్లాకొలూలా సంతలో పచ్చి మాంసం కొని అక్కడే బొగ్గుల మీద కాల్చుకునే భాగం ఉంది, పొగ దట్టంగా ఉంటుంది. అటు వెళ్లొచ్చాక మెస్కాల్ వాసన చూస్తే ఏం తెలియదు. రుచి చూడటం అయ్యాకే అటు వెళ్లండి.

ఎంత? ఒక్కోటి 15 మి.లీ., అంటే వంటింట్లో పెద్ద చెంచా నిండా. 6 రకాలు చూస్తే 90 మి.లీ. సగటున 48 శాతమనుకుంటే అందులో స్వచ్ఛమైన ఆల్కహాల్ 43 మి.లీ., సుమారు 34 గ్రాములు. మన 42.8 శాతం విస్కీ 60 మి.లీ. పెగ్గులో 20 గ్రాములుంటుంది. అంటే ఆ ఆరు చెంచాలు ఒకటిన్నర పెద్ద పెగ్గులు దాటాయి. పైన 250 మి.లీ. పూల్కే కలిపితే ఇంకో 10 గ్రాములు. మొత్తం రెండు పెద్ద పెగ్గుల పైచిలుకు, అదీ మధ్యాహ్నం ఎండలో, సముద్ర మట్టానికి 1,500 మీటర్లకి పైన. ఇదే పై హద్దు అనుకోండి. చాలా టూర్లలో గ్లాసుకి 30 మి.లీ. పోస్తారు, అంటే లెక్క రెట్టింపవుతుంది. బుక్ చేసే ముందే "ఎన్ని రకాలు, ఒక్కోటి ఎన్ని మి.లీ., మధ్యలో తిండి ఉందా" అని రాసి అడగండి. ఉమ్మేయడానికి గిన్నె అడగడం తప్పు కాదు. ఒక్కో రకానికి ఒక గ్లాసు నీళ్లు. ఖాళీ కడుపుతో వద్దు. కడుపు బాగోలేక మెట్రోనిడజోల్ మాత్రలు వేసుకుంటున్నా, షుగరుకి ఇన్సులిన్ తీసుకుంటున్నా రుచి చూడటం డాక్టరుని అడిగాకే.

శాకాహారులకి ఇక్కడ ఉచ్చులు చాలా ఉన్నాయి. మెస్కాల్‌తో పాటు నారింజ ముక్క మీద చల్లి ఇచ్చే ఎర్ర ఉప్పు, సాల్ దె గుసానో, కిత్తనార మీద పెరిగే పురుగుల్ని ఎండబెట్టి మిరపకాయతో నూరింది. ఆ ఉప్పు లేకుండా ఒట్టి నారింజ అడగండి. పక్కన వేయించిన పల్లీల్లా కనిపించేవి చపులీనెస్, అంటే మిడతలు. పెచూగా అనే మెస్కాల్‌ని మూడోసారి కాసేటప్పుడు పళ్లు, మసాలాలతో పాటు కోడి లేదా టర్కీ రొమ్ము మాంసం బట్టీలో వేలాడదీస్తారు. లేబుల్ మీద "దెస్తిలాదో కోన్" అని ఉంటే దేనితో కాచారో అడగండి, కొందరు ఒట్టి పళ్లతోనే చేస్తారు. శాంతా మరియా ఇష్కత్లాన్ ఊరి మెస్కాల్ ఆవు తోలు సంచిలో పులుస్తుంది. ఇది ఎవరూ చెప్పరు, కొందరికి పట్టింపు ఉండొచ్చు. సీసా అడుగున పురుగు గత శతాబ్దం మధ్యలో మొదలైన అమ్మకపు ఎత్తు, నాణ్యతకి గుర్తు కాదు. తిండిలో అసలు ఇబ్బంది పంది కొవ్వు. త్లాయూదా, మెమేలా రొట్టెల మీద మొదట పూసేది అదే, పేరు అసియెంతో. "సిన్ అసియెంతో, సిన్ కార్నె" (కొవ్వు లేకుండా, మాంసం లేకుండా) అని చెప్పి, బీన్స్ కూడా కొవ్వు లేకుండా వండారా అని అడిగి, కెసీయో చీజ్‌తో తినండి. త్లాకొలూలా రొట్టె, నీళ్లలో కాచిన చాక్లెట్ పొద్దున్నే కడుపులో వేసుకోవడానికి బాగుంటాయి. గుడ్డు తిననివాళ్లు రొట్టె గురించి అడిగి తినండి.

ఇక కల్తీ భయం. మొదటి ధార తీసేస్తే మిథనాల్ (విషపు ఆల్కహాల్) పోతుందని బట్టీల దగ్గర కూడా చెప్తారు. అది సగమే నిజం. మామూలు బట్టీలో మిథనాల్ ధార మొత్తం మీదా కొద్దికొద్దిగా వస్తుంది, మొదట పోయేది గోళ్ల రంగు వాసన. కిత్తనారలో సహజంగానే కొంత మిథనాల్ పుడుతుంది. మెస్కాల్ ప్రమాణంలో 100 మి.లీ. స్వచ్ఛమైన ఆల్కహాల్‌కి 300 మి.గ్రా. దాకా అనుమతి, ఆ మోతాదు ప్రాణాల మీదికి తేదు. చంపేది పరిశ్రమలకి వాడే మద్యం కలిపినప్పుడే, మన దగ్గర కల్తీ సారా చావులకి కారణమయ్యేదే. 2020 మేలో హలీస్కో, ప్వెబ్లా రాష్ట్రాల్లో ఇలా పదుల మంది చనిపోయారు. రుచితో, వాసనతో, అగ్గిపుల్ల గీసి మంట రంగు చూసి మిథనాల్‌ని పట్టుకోలేరు, మిథనాల్, మామూలు ఆల్కహాల్ రెండూ నీలంగానే మండుతాయి. రక్షణ ఒక్కటే, పేరూ ఊరూ లేని చౌక సరుకు తాగకపోవడం. తాగిన 12 నుంచి 24 గంటల్లో చూపు మసకబారినా, మంచు కప్పినట్టున్నా, మామూలు హ్యాంగోవర్ కాని కడుపునొప్పి, ఆయాసం వచ్చినా నిద్రపోతే తగ్గుతుందని ఆగొద్దు. 911కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లండి.

కొనేటప్పుడు నాలుగు ప్రశ్నలు: ఏ మొక్క, ఏ ఊరు, ఎవరు దించారు, ఎంత శాతం. నాలుగింటికీ తడుముకోకుండా జవాబొస్తే సగం నమ్మొచ్చు. మొక్క పేరు ఊరికో రకంగా మారుతుంది, ఒక ఊళ్లో ఒక పేరుతో పిలిచేది పక్క ఊళ్లో వేరే మొక్క, కాబట్టి శాస్త్రీయ నామం కూడా అడగండి. ఒక లీటరు ఎస్పదీన్‌కి సుమారు 10 కిలోల దుంప కావాలి, చిన్న దుంపల తొబలాకి అంతకన్నా బాగా ఎక్కువ. అలాంటిది తొబలా, తెపెస్తాతె కూడా ఎస్పదీన్ ధరకే ఇస్తామంటే లోపల ఉన్నది ఎస్పదీనే. లేబుల్ మీద "ఆర్తెసనాల్" అంటే గోతి లేదా రాతి పొయ్యి, నేరుగా నిప్పు మీద బట్టీ. "అన్సెస్త్రాల్" అంటే మట్టి కుండలో, పిప్పితో సహా కాచింది. ఏమీ లేకుండా ఒట్టి "మెస్కాల్" అని ఉంటే యంత్రాల ఫ్యాక్టరీ సరుకైనా కావచ్చు. "దెస్తిలాదో దె అగావే" అని ఉంటే ధ్రువీకరణ తీసుకోలేదని అర్థం. అది కల్తీ అని కాదు, ఆ ఖర్చు భరించలేకో ఇష్టం లేకో మంచి చిన్న బట్టీల వాళ్లు చాలామంది అలాగే అమ్ముతారు. పైన చెప్పిన నాలుగు వివరాలూ దాని మీద రాసి ఉన్నాయా చూసుకోండి.

ఆఖరిది సామాను. 24 నుంచి 70 శాతం మధ్య మద్యం మనిషికి 5 లీటర్ల దాకా చెక్-ఇన్ సూట్‌కేసులో వెళ్తుంది, కాని సీలు తీయని, దుకాణం ప్యాకింగ్‌లో ఉండాలి. బట్టీ దగ్గర ప్లాస్టిక్ సీసాలో పట్టించుకున్నది విమానాశ్రయంలో ఆపేయవచ్చు. కాబట్టి లేబుల్, సీలు వేసి ఇవ్వగలిగిన చోటే కొనండి. 70 దాటిన పుంతాస్ అసలు ఎక్కనివ్వరు. అమెరికాలోకి 21 ఏళ్లు నిండినవాళ్లకి తలకి 1 లీటరు సుంకం లేకుండా, అంటే 750 మి.లీ. సీసా ఒకటి. రెండోది డిక్లేర్ చేస్తే సుంకం కట్టి తెచ్చుకోవచ్చు, దాచిపెట్టొద్దు. అక్కడి నుంచి హైదరాబాదు తీసుకెళ్లాలంటే తలకి 2 లీటర్లు. వహాకా నుంచి నేరుగా డాలస్ కాకుండా మధ్యలో వేరే అమెరికా నగరంలో దిగి మారితే, డ్యూటీ ఫ్రీలో కొన్న సీసాని ఇమిగ్రేషన్ దాటాక సూట్‌కేసులో పెట్టి తిరిగి బ్యాగేజీలో వేయండి, చేతిసంచిలో ఉంచితే రెండో సెక్యూరిటీ దగ్గర ఇబ్బంది అవుతుంది. సీసా మూత చుట్టూ ప్లాస్టిక్ చుట్టి, రెండు జతల సాక్సుల్లో దూర్చి, సూట్‌కేసు నడిమధ్యన నిలువుగా కాకుండా అడ్డంగా పెట్టండి. కార్క్ మూత ఉన్నదైతే ఇల్లు చేరగానే నిలబెట్టేయండి, 50 శాతం మద్యంలో నానితే కార్క్ పొడి అవుతుంది.